నాలుగు గీతల కాపీలో బేస్ గిటార్



చిన్నప్పుడు మనం ఇంగ్లీషు అక్షరాలు దిద్దిన నాలుగు గీతల కాపీ గుర్తుండే ఉంటుంది. పైన ఒక ఎర్ర గీత, కింద ఒక ఎర్ర గీత, మధ్యలో రెండు నీలం గీతలు. ఆ కాపీతో ఇక పని లేదని ఎప్పుడో వదిలేశాం. మేము మాత్రం పీజీలో చేరాక స్టేషనరీ షాపుకు వెళ్లి మళ్లీ అదే కాపీ అడిగాం. షాపాయన "ఏ క్లాసు పిల్లలకు బాబూ?" అన్నాడు. "మాకే" అన్నాం. ఆయన నమ్మలేదు.

ఆ కాపీలో మేము రాసుకున్నవి అక్షరాలు కావు, బేస్ గిటార్ మీద వాయించే పాటలు. గురువు లేకుండా, సంగీతం చదవడం రాకుండా, ట్యాబ్ అనే పద్ధతితో మేము ఎంతవరకు వెళ్లగలిగామో, ఎక్కడ బోర్లా పడ్డామో ఇందులో రాస్తున్నాం. ఈ వ్యాసంలో "మేము" అంటే మా గదిలో ఉన్న నలుగురం. ఏ తప్పు ఎవరిదో విడదీసి రాయలేదు. దాదాపు అన్ని తప్పులూ అందరం చేశాం.

ఆ గిటార్ ఎలా వచ్చిందో కొత్తగా చేరిన తమ్ముళ్లకు తెలియకపోవచ్చు. రెండేళ్ల కిందటి వార్షికోత్సవానికి వచ్చిన పాత విద్యార్థి ఒకరు, ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్నానని, ఇప్పుడు వాయించే తీరిక లేదని చెప్పి, నల్ల సంచితో సహా వార్డెన్ సార్ గదిలో పెట్టి వెళ్లారు. ఆరు నెలలు అది బీరువా వెనకే ఉంది. సంచి విప్పి చూసినవాళ్లంతా నాలుగే తీగలు కనిపించేసరికి "రెండు తెగిపోయినట్టున్నాయి" అని మళ్లీ అక్కడే పెట్టేశారు. మేమూ మొదట అలాగే అనుకున్నాం.

తెగిపోలేదు. బేస్ గిటార్‌కు ఉండేవే నాలుగు తీగలు. (ఐదు, ఆరు తీగలవి కూడా ఉన్నాయి గాని నేర్చుకోవడానికి నాలుగు చాలు.) లావు తీగ నుంచి సన్న తీగ వరకు వాటి పేర్లు ఇ, ఎ, డి, జి. మామూలు గిటార్‌లో లావుగా ఉండే నాలుగు తీగల పేర్లూ ఇవే, కాకపోతే బేస్‌లో అవి ఒక స్థాయి కిందకు పలుకుతాయి. ఇ తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఎ తీగ 55 సార్లు, డి 73, జి 98. ఇందులో ఒక చిక్కు ఉంది. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకరు ఇంత కింది శబ్దాన్ని పలికించలేదు. కాబట్టి ఫోన్‌లో పాటలు వింటూ పెరిగిన మనలో చాలామంది బేస్ గిటార్‌ను అసలు వినలేదు. వినాలంటే ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పాడేవారిని వదిలేసి, అడుగున గుమ్... గుమ్... అంటూ నడిచే దానిని వెతకాలి. "గీతాంజలి" (1989), "జగదేక వీరుడు అతిలోక సుందరి" (1990) సినిమాల్లో ఇళయరాజా గారి పాటలను ఒకసారి ఇలా విని చూడండి. వందసార్లు విన్న పాటే కొత్త పాటలా ఉంటుంది. మా ఊరి చర్చిల్లో కీబోర్డు, ప్యాడ్లు, గిటార్ వాయించేవాళ్లు ఉన్నారు గాని బేస్ వాయించేవాళ్లను చూడలేదు. ఆ పని కీబోర్డు అతని ఎడమచెయ్యి చేసేస్తుంటుంది.

ఈ వాయిద్యం చరిత్ర పెద్ద పాతది కాదు. అంతకుముందు ఈ పని మనిషంత ఎత్తుండే డబుల్ బేస్ చేసేది. నిలబడి వాయించాలి, మెట్లు ఉండవు, వేలు ఎక్కడ పెట్టాలో చెవే చెప్పాలి. 1951లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ గారు మెడలో వేసుకుని వాయించే బేస్‌ను మెట్లతో తయారుచేసి అమ్మకానికి పెట్టారు. మెట్లు ఉండడం వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుందని దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే ఫెండర్ గారికి గిటార్ వాయించడం రాదు.

మెట్టు అన్న మాట మన వీణ నుంచే తీసుకున్నాం. ఇంగ్లీషులో ఫ్రెట్ అంటారు. వీణకు వాయించే తీగలు నాలుగు, తాళం తీగలు మూడు, మెట్లు 24. ఆ మొదటి బేస్‌కు మెట్లు 20. ఏ మెట్టు దగ్గర నొక్కితే తీగ పొడవు అంతవరకు తగ్గి స్వరం పైకి వెళుతుంది. ఒక్కో మెట్టుకు ఒక్కో స్వరస్థానం. పన్నెండో మెట్టు సరిగ్గా తీగ మధ్యలో ఉంటుంది, అక్కడ పై షడ్జం వస్తుంది. గుణశ్రేఢి లెక్కలు చేసినవాళ్లు స్కేలు పట్టుకుని కొలిచి చూడండి. తీగ పొడవు 34 అంగుళాలైతే మొదటి గడి సుమారు 1.9 అంగుళాలు వస్తుంది. పన్నెండు దాటిన వెంటనే వచ్చే గడి అందులో సగం. మొదటి గడులు ఇంత వెడల్పు కాబట్టి చెయ్యి చిన్నగా ఉన్నవాళ్లు ఐదో మెట్టు దగ్గర మొదలుపెడితే వేళ్లు లాగవు.

తీగలు తుప్పు పట్టి, ఏది మీటినా తడి గోనెసంచిని కొట్టినట్టు ఉండేది. కొత్త సెట్టు కొనే డబ్బు లేదు. పాత తీగలను విప్పి పది నిమిషాలు నీళ్లలో మరిగిస్తే వాటి చుట్లలో పేరుకున్న జిడ్డు, మురికి వదిలి మళ్లీ పలుకుతాయని చదివాం. మెస్‌లో వంట అక్కను గిన్నె అడిగాం. "తీగల పులుసా?" అని నవ్వింది. సాంబారు గిన్నె మాత్రం ఇవ్వనంది. టీ కాచే పాత గిన్నె ఒకటి ఇచ్చింది. మరిగించి, గుడ్డతో తుడిచి, రాత్రంతా ఫ్యాను కింద ఆరబెట్టి బిగించాం. కొత్తవాటితో సమానం కాదు, కొన్ని వారాలే ఆ పలుకు ఉంటుంది. అయినా ఆ పొద్దున మొదటిసారి ఇ తీగ మీటినప్పుడు మంచం ఊచలు కూడా వణికాయి.

శ్రుతి చేయడానికి ఫోన్‌లో ఉచితంగా దొరికే ట్యూనర్ చాలు. అదీ లేకపోతే ఒక గుర్తు ఉంది. ఇ తీగను ఐదో మెట్టు మీద నొక్కితే వచ్చే స్వరం, ఎ తీగను ఊరికే మీటితే వచ్చే స్వరం ఒకటే కావాలి. అలాగే ఎ ఐదో మెట్టు డి తీగకు, డి ఐదో మెట్టు జి తీగకు సమానం. ఈ "ఐదు" గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ట్యాబ్ అంటే ఏమిటి?

నాలుగు తీగలకు నాలుగు గీతలు. గీత మీద వేసిన అంకె, ఆ తీగను ఎన్నో మెట్టు మీద నొక్కాలో చెబుతుంది. సున్నా ఉంటే నొక్కకుండా మీటాలి. ఎడమ నుంచి కుడికి చదవాలి. నిలువు గీత దగ్గర ఒక ఆవర్తం అయిపోతుంది. అంతే. నిజంగా అంతే. అందుకే నాలుగు గీతల కాపీ దీని కోసమే పుట్టిందా అన్నట్టు సరిపోయింది. మేము మొదట రాసుకున్న పేజీ ఇది:

జి |---------|---------|---------|---------|
డి |---------|---------|---------|---------|
ఎ |---------|---------|-3-3-3-3-|-5-5-5-5-|
ఇ |-3-3-3-3-|-0-0-0-0-|---------|---------|

ఇ తీగ మూడో మెట్టు నాలుగుసార్లు, ఇ తీగ నొక్కకుండా నాలుగుసార్లు, ఎ తీగ మూడో మెట్టు నాలుగుసార్లు, ఎ తీగ ఐదో మెట్టు నాలుగుసార్లు. కార్డుల పేర్లలో చెప్పాలంటే జి, ఇ మైనర్, సి, డి. గిటార్ అతను ఈ నాలుగు కార్డులు వాయిస్తుంటే మనం కింద ఈ నాలుగు స్వరాలు వేస్తే చాలు, పాట నిలబడుతుంది. ఎన్ని పాటలు ఈ నాలుగింటి మీద నడుస్తాయో చెప్పలేం. అమెరికా గాయకుడు బెన్ ఇ. కింగ్ పాడగా 1961లో విడుదలైన "స్టాండ్ బై మీ" పాట మొదటి నుంచి చివరి దాకా ఇదే వరుస, కాకపోతే ఎ శ్రుతిలో.

అంకెలు కాక కొన్ని గుర్తులు కూడా ఉంటాయి. రెండు అంకెల మధ్య హెచ్ అక్షరం ఉంటే మొదటి స్వరం మోగుతుండగానే రెండో వేలిని తీగ మీద సుత్తిలా దించాలి. పి ఉంటే వేలితో తీగను లాగి వదలాలి. ఏటవాలు గీత ఉంటే వేలు ఎత్తకుండా జారాలి. ఎక్స్ ఉంటే స్వరం వద్దు, తీగ మీద చెయ్యి ఆనించి "టక్" మనిపించాలి. మొదటి మూడు నెలలు వీటి జోలికి పోకండి.

ఇక మేము చేసిన మొదటి పెద్ద తప్పు. గిటార్ ఒళ్లో పెట్టుకుని చూస్తే లావు తీగ పైన, మన ముఖానికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి కాగితం మీద పై గీత లావు తీగ అనుకున్నాం. నిజానికి కాగితం మీద కింది గీతే లావు తీగ. వారం రోజులు మొత్తం తలకిందులుగా వాయించాం. అన్ని మెట్లూ సరిగ్గానే నొక్కుతున్నాం, పాట మాత్రం రావడం లేదు. గిటార్ చెడిపోయిందని కూడా తీర్మానించాం. తరువాత చదివితే తెలిసింది, మా తప్పు ఒకప్పుడు ఇటలీలో పద్ధతేనట! ట్యాబ్ ఇప్పటిది కాదు. 1507లోనే వెనిస్ నగరంలో పెత్రూచి అనే ముద్రాపకుడు లూట్ అనే తీగ వాయిద్యానికి ఇలాంటి అంకెల పుస్తకాలు అచ్చువేశాడు. ఇటలీవాళ్లు సాధారణంగా మా లాగే కింది స్వరం తీగను పై గీత మీద రాసేవారు. ఫ్రాన్స్‌వాళ్లు పైకి పలికే తీగనే పైన పెట్టి, అంకెలకు బదులు అక్షరాలు వాడారు. ఇప్పుడు గిటార్‌కు వాడేది ఫ్రాన్స్ వరుస, ఇటలీ అంకెలు. ఐదు వందల ఏళ్లు ఆలస్యంగా పుట్టాం గాని మేము చేసింది తప్పు కాదని గదిలో వాదించుకున్నాం.

అంకె ఎక్కడో చెబుతుంది, ఎప్పుడో చెప్పదు

ఆ పాత లూట్ పుస్తకాల్లో అంకెల పైన కాలం చెప్పే గుర్తులు ఉండేవి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరికే ట్యాబ్‌లలో చాలావాటికి అవి ఉండవు. వేలు ఎక్కడ పెట్టాలో ఉంటుంది, ఎంతసేపు ఉంచాలో ఉండదు. పాట ముందే మన చెవిలో ఉంటేనే ఆ కాగితం పనికొస్తుంది. ఇది మాకు అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది. మేము అంకెలన్నీ బట్టీ పట్టి, ఫోన్‌లో పాట పెట్టి, దానితోపాటు వాయించేవాళ్లం. ప్రతిసారీ చరణం వచ్చేసరికి పాట ఒక చోట, మేము ఒక చోట.

ఒక ఆదివారం డిగ్రీ రెండో ఏడాది తమ్ముడొకడు మా గదికి వచ్చి, ట్రంకుపెట్టె మీద కూర్చుని వింటున్నాడు. విషయం రాయమన్నాడు, పేరు వద్దన్నాడు. కాసేపు విని, "అన్నా, మీరు దెబ్బ పడ్డాక వేస్తున్నారు. దెబ్బతోపాటు వెయ్యాలి" అన్నాడు. "నీకెలా తెలుసురా?" అంటే మాట్లాడలేదు. పెట్టె మీద రెండు చేతులతో వాయించి చూపించాడు. కుడిచేత్తో బరువు దెబ్బ, ఎడమచేతి వేళ్లతో చిన్న దెబ్బలు. అది మామూలుగా బల్ల చరిచినట్టు లేదు. మాలో ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అది మేము పుట్టినప్పటి నుంచి విన్న దరువు.

వాళ్ల నాన్న డప్పు కొడతారు. పెళ్లికీ చావుకూ పిలుపు వస్తే ఈ తమ్ముడు కూడా చిన్నప్పటి నుంచి వెంట వెళ్లేవాడు. గడ్డి మంట వేసి డప్పు కాచడం, చిర్ర ఏ చేతిలో, చిటికెన పుల్ల ఏ చేతిలో, అన్నీ తెలుసు. కాలేజీలో చేరిన రోజు పరిచయాల్లో మాత్రం "మా నాన్న తాపీ పని" అని చెప్పాడట. అదీ అబద్ధం కాదు, ఆయన ఆ పనికీ వెళతారు. ఎందుకలా చెప్పావని మేము అడగలేదు. మాలో ఎవరికీ ఆ ప్రశ్న అడిగే హక్కు లేదు. మేమూ అలాంటి పరిచయాలు చేసుకుని వచ్చినవాళ్లమే.

అప్పటి నుంచి రాత్రి స్టడీ అవర్ అయ్యాక అతను మాకు కాలం నేర్పాడు. అతను చెప్పింది ఇది. చిర్ర పడే బరువు దెబ్బ మీద బేస్ స్వరం పడాలి. చిటికెన పుల్ల పలికే చిన్న దెబ్బల మీద బేస్ మౌనంగా ఉండాలి. మేము కాపీలో ప్రతి అంకె కింద బరువు దెబ్బకు సున్నా చుట్టడం, చిన్న దెబ్బకు చుక్క పెట్టడం మొదలుపెట్టాం. కాగితంలో లేని సగం అలా వచ్చి చేరింది.

డప్పుకూ బేస్‌కూ ఒక తేడా ఉందని కూడా అతనే పట్టుకున్నాడు. డప్పు దెబ్బ దానంతటదే ఆగిపోతుంది. బేస్ తీగ మనం ఆపేదాకా మోగుతూనే ఉంటుంది. కాబట్టి బేస్ వాయించడంలో సగం పని ఆపడమే. నొక్కిన వేలిని తీగ వదలకుండా కొంచెం పైకి ఎత్తితే మోత ఆగుతుంది. నొక్కకుండా మీటిన తీగకు ఆ వీలు లేదు, దానిని అరచేత్తోనో పక్క వేలితోనో ఆపాలి. పై పేజీలో రెండో ఆవర్తం అంతా సున్నాలే కదా, కొత్తగా నేర్చుకునేవాళ్లు తడబడేది అక్కడే. మూడో ఆవర్తంలోకి వెళ్లాక కూడా వెనక ఇ తీగ గుయ్‌మంటూనే ఉంటుంది.

వాల్యూమ్ తగ్గించిన సంగతి

కిందటి ఏడాది వార్షికోత్సవంలో మేము వాయించాం. మీలో చాలామంది చూశారు, చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పాటలో రెండో చరణం నుంచి చివరిదాకా బేస్ వాల్యూమ్ సున్నాలో ఉంది. మేము వేళ్లు కదిపాం, అంతే.

జరిగింది ఏమిటంటే, పాడే తమ్ముడికి ఆ రోజు గొంతు పట్టేసింది. స్టేజీ ఎక్కే ముందు "రెండు తగ్గిద్దాం అన్నా" అన్నాడు. కీబోర్డు తమ్ముడు ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కాడు, అతని పని అయిపోయింది. బేస్‌కు అలాంటి బటన్ లేదు. రెండు తగ్గించాలంటే ప్రతి అంకెలోంచి రెండు తీసేస్తే సరిపోతుందనుకున్నాం. మూడు ఒకటయింది. ఐదు మూడయింది. సున్నాలోంచి రెండు తీస్తే? ఇ తీగకు సున్నా కన్నా కింద చోటు లేదు. మైకు ముందు ఆ సంగతి తట్టింది. మాకు తెలిసిందల్లా అంకెలే, వాటి వెనక స్వరం తెలియదు. సున్నాయే వాయించాం. మొదటి వరుసలో కూర్చున్న అతిథులు తల ఎత్తి చూశారు. రెండో చరణం రాకముందే చెయ్యి దానంతటదే వాల్యూమ్ బిరడా మీదికి వెళ్లింది.

చాలామంది గొప్పవాళ్లకు సంగీతం చదవడం రాదు కదా అని అంతకుముందు మేము ధైర్యం చెప్పుకునేవాళ్లం. బీటిల్స్ బృందంలో బేస్ వాయించిన పాల్ మెకార్ట్‌నీ గారికి స్వరలిపి చదవడం రాదని ఆయనే చెప్పారు. నిజమే. కాని ఆయన చెవికి తెలిసింది మా చెవికి తెలియదు. లిపి రాకపోవడం వేరు, స్వరం తెలియకపోవడం వేరు. ఆ రాత్రి మాకు ఈ తేడా తెలిసింది.

మర్నాటి నుంచి ప్రతి అంకె పైన సరిగమలు రాయడం మొదలుపెట్టాం. లెక్క సులభమే. ఏ మెట్టునైనా స అనుకోండి. అక్కడి నుంచి 2 మెట్లు పైన రి, 4 పైన గ, 5 పైన మ, 7 పైన ప, 9 పైన ధ, 11 పైన ని, 12 పైన మళ్లీ స. ఇది శంకరాభరణం. పడమటివాళ్లు మేజర్ స్కేలు అంటారు. ఇప్పుడు ఇందాకటి "ఐదు" గుర్తుచేసుకోండి. పక్క సన్న తీగ ఐదు మెట్లు పైన ఉంటుంది. అంటే స ఉన్న మెట్టు మీదే పక్క తీగ నొక్కితే అది మ. ప కావాలంటే 7 కాబట్టి, పక్క తీగలో రెండు మెట్లు పైన. పై స కావాలంటే 12, అంటే ఐదూ ఐదూ రెండూ. ఒక తీగ దాటి ఆ పై తీగలో రెండు మెట్లు పైన. స, ప, పై స. ఈ మూడు చోట్ల ఆకారం ఇ తీగ మీద మొదలుపెట్టినా, ఎ తీగ మీద మొదలుపెట్టినా, ఏ మెట్టు మీదైనా మారదు. ఇది తెలిసిన రోజు మాలో ఒకరు మంచం మీంచి లేచి నిలబడ్డారు.

ఇ తీగ మూడో మెట్టు స అనుకుంటే శంకరాభరణం ఇలా ఉంటుంది:

జి |-----------------|
డి |-----------2-4-5-|
ఎ |-----2-3-5-------|
ఇ |-3-5-------------|

ఇందులో మ, ని తీసేస్తే, అంటే ఎ తీగ మూడూ డి తీగ నాలుగూ వదిలేస్తే, మోహనం. మన జానపదాల్లో సినిమా పాటల్లో ఎన్నో దీనిలోనే సరిపోతాయి.

ఇప్పుడు మొదటి పేజీని మళ్లీ చూడండి. జి, ఇ మైనర్, సి, డి అన్నది సరిగమల్లో స, కింది ధ, మ, ప. "స్టాండ్ బై మీ" శ్రుతిలో స అంటే ఇ తీగ ఐదో మెట్టు, ధ అదే తీగ రెండో మెట్టు, మ ఎ తీగ ఐదు, ప ఎ తీగ ఏడు. అన్నిటికీ రెండు కలిసింది, అంతే. మరి రెండు తగ్గించాల్సి వస్తే? స ఇ తీగ ఒకటి. కింది ధ దొరకదు. కాని పై ధ ఉంది కదా, ఎ తీగ ఐదో మెట్టు మీద! అదే ధ, ఒక స్థాయి పైన. మ ఎ తీగ ఒకటి, ప ఎ తీగ మూడు. స్టేజీ మీద మాకు కావలసింది ఆ ఒక్క ఐదు. కాగితం మీద ఇప్పుడు రెండు నిమిషాల్లో తేలింది.

కాబట్టి ఇప్పుడు మా కాపీలో ఒక్కో పాటకు మూడు వరుసలు ఉంటాయి. పైన సరిగమలు, నాలుగు గీతల మీద అంకెలు, కింద సున్నాలూ చుక్కలూ. పై వరుస కీబోర్డు అతనికి కూడా అర్థమవుతుంది. బేస్ ట్యాబ్ ఒక్కటే ఇస్తే అతనికి అది లాటరీ టికెట్లా ఉంటుంది.

కొన్ని చిన్న విషయాలు

తెలుగు పాటలకు బేస్ ట్యాబ్‌లు దొరకడం తక్కువ. దొరికినవి కూడా మనలాంటి వాళ్లెవరో విని రాసినవే, తప్పులుంటాయి. కాగితానికీ చెవికీ తగాదా వస్తే చెవి మాటే వినండి. మనమే రాసుకోవాలంటే యూట్యూబ్‌లో వేగం సగానికి తగ్గించండి, శ్రుతి మారదు. ఇయర్‌ఫోన్‌లో అడుగు స్వరం పట్టుకుని ముందు గొంతుతో "ఊఁ" అనండి. ఆ "ఊఁ"ను ఇ తీగ మీద వెతకండి. దొరికాక దానిని సులువైన చోటికి మార్చుకోవచ్చు. మొదటి పాట రాయడానికి మాకు మూడు వారాలు పట్టింది. నాలుగో పాటకు రెండు సాయంత్రాలు.

కుడిచెయ్యి చూపుడు వేలు, మధ్య వేలు ఒకదాని తరువాత ఒకటి మీటాలి. ఒక్క వేలితోనే వాయించి చరిత్ర సృష్టించిన జేమ్స్ జామర్సన్ గారు కూడా ఉన్నారు. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు బేస్ వాయించారు. ఆ పాటలు లోకమంతా విన్నా, 1971 వరకు ఆ రికార్డుల మీద వాయించినవారి పేర్లు వేయలేదు. తీగ తెగితే తప్ప మార్చేవారు కాదని కూడా అంటారు. అది చదివాక మా పాత తీగల మీద గౌరవం పెరిగింది.

వేళ్లకు బొబ్బలు వస్తాయి. చిదపకండి, రెండు రోజులు ఆగండి. మెట్టు లోహపు గీతకు వెనకే, దానికి ఆనుకున్నట్టు నొక్కితే తక్కువ బలం చాలు. గడి మధ్యలో నొక్కి "గట్టిగా నొక్కినా జరజర వస్తోంది" అని మేము చాలా రోజులు ఏడ్చాం.

ఆంప్లిఫయర్ లేదని దిగులు పడకండి. ఆంప్ లేకుండా బేస్ దాదాపు వినపడదు, కాబట్టి పరీక్షల ముందు కూడా ఎవరూ తిట్టరు. మీకు వినపడాలంటే గిటార్ కొనను చెక్క తలుపుకో చెక్క బీరువాకో ఆనించి మీటండి, చెక్కంతా పలుకుతుంది. మధ్యలో గుడ్డ పెట్టండి, గీతలు పడతాయి. ఫంక్షన్ రోజు మైక్‌సెట్‌కు కలిపేటప్పుడు ముందు వాల్యూమ్ సున్నాలో పెట్టి, తీగ గుచ్చాక నెమ్మదిగా పెంచండి. చిన్న స్పీకరుకు ఎక్కువ పెడితే అది చిరిగిపోతుంది, అద్దె బాక్సులు మన మెడకు చుట్టుకుంటాయి.

ఈ ఏడాది వార్షికోత్సవంలో బేస్ మేము పట్టుకోవడం లేదు. ఆ డిగ్రీ తమ్ముడే వాయిస్తున్నాడు. మేము నాలుగు నెలల్లో నేర్చుకున్నది అతనికి ఐదు వారాల్లో వచ్చింది. ఒక పాట మధ్యలో ఆవర్తం సేపు బేస్ ఆపి డప్పు వాయిస్తానని తనే అన్నాడు. డప్పు ఊరి నుంచి వాళ్ల నాన్నగారు తెస్తున్నారు. కాయడానికి గడ్డి ఎక్కడ దొరుకుతుందో, మంట ఎక్కడ వేసుకోవచ్చో వార్డెన్ సార్‌ను అడిగాం. వంటగది వెనక వేసుకోమన్నారు.

మేము ఈ వేసవికి గది ఖాళీ చేస్తున్నాం. గిటార్ వార్డెన్ సార్ బీరువా పక్కనే ఉంటుంది, ఇప్పుడు వెనక కాదు. రెండు కాపీలు సంచి జేబులో ఉన్నాయి. మొదటిది నిండిపోయింది, రెండోదానిలో సగం పైగా ఖాళీ. పెన్సిల్‌తోనే రాయండి. జి తీగకు మళ్లీ తుప్పు మొదలైంది. మరిగించే ముందు వంట అక్కను అడగండి, టీ గిన్నె ఎక్కడుందో ఆమెకే తెలుసు.